తిన్నది ఒంటికి పట్టాలంటే: ఎంజైముల సంగతి తెలిసిన ములుగు వంటింటి చిట్కాలు

ములుగు అనగానే సమ్మక్క సారలమ్మల జిల్లా అనుకునేరు. మాది సిద్దిపేట జిల్లా ములుగు. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద, గజ్వేల్ రాకముందే తగులుతుంది. కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టిన ఉద్యాన విశ్వవిద్యాలయం మా ఊళ్ళోనే ఉంది, ఒంటిమామిడి కూరగాయల మార్కెట్ మా మండలంలోదే. చుట్టూ ఇంత తిండి పండుతుంటే, తిన్నది ఒంటికి పట్టడం లేదని టానిక్కుల మీద డబ్బు పోసే ఇళ్ళను చూస్తే నాకు ప్రాణం ఒప్పదు.

తిన్నదాన్ని అరిగించేదీ, అరిగినదాన్ని సత్తువగా మార్చేదీ మన ఒంట్లోని ఎంజైములే. వాటికి సరైన వేడి కావాలి, సరైన పులుపు కావాలి, కాస్త సమయం కావాలి, తోడుగా కొన్ని విటమిన్లు, ఖనిజాలు కావాలి. అడ్డం పడే విషాలు ఉండకూడదు. వీటిలో చాలావరకు పొయ్యి దగ్గరే చక్కబెట్టుకోవచ్చు వదినా. మా ఇంట్లో చేసి చూసి, లాభం ఉందనుకున్నవే చెప్తున్నా.

1. ముద్ద మెత్తబడేదాకా నమలండి. అన్నంలోని పిండిని విడగొట్టే ఎంజైము మన ఉమ్మిలోనే ఉంది, కడుపులో పులుపు తగిలితే అది ఆగిపోతుంది కాబట్టి దాని పని నోట్లోనే కానివ్వండి. పైసా ఖర్చు లేని చిట్కా, అన్నిటికంటే పెద్ద చిట్కా ఇదే.

2. పిల్లలు నమలకుండా మింగేస్తుంటే, కూర లేని రొట్టె ముక్క నోట్లో పెట్టి ఒక నిమిషం నమలమనండి. పిండి చక్కెరగా మారి తియ్యగా తగులుతుంది, ఇక మీరు రోజూ చెప్పే పని తప్పుతుంది.

3. పోపు వాసన పోకముందే, వేడివేడిగా వడ్డించండి, ఫోన్లు పక్కన పెట్టించండి. వాసనకే నోరూరి, కడుపులో రసాలు ముందే సిద్ధమవుతాయి.

4. పళ్ళు లేని పెద్దవాళ్ళకు పప్పన్నం చేత్తో మెదిపి పెట్టండి, మిక్సీ పట్టి గ్లాసులో పోసి ఇవ్వకండి. గటగటా తాగితే ఉమ్మి కలవదు, నోట్లో కాసేపు ఆడితే కొంత పని అక్కడే అవుతుంది.

5. తినేటప్పుడు నీళ్ళు తాగితే అరగదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎంజైములు అన్నాన్ని విడగొట్టేదే నీళ్ళ సాయంతో. గుక్కెడు గుక్కెడు తాగితే ముద్ద సాఫీగా దిగుతుంది.

6. విందు రోజు మటన్, బిర్యానీ, స్వీటు అన్నీ ఒకే పూట దట్టించకుండా రెండు పూటలకు సర్దుకోండి. కడుపులో రసాలు ఒక హద్దు వరకే ఊరతాయి, అంతకు మించి పడేసినదంతా కడుపు బరువే.

ఇక వేడి సంగతి.

7. మన ఒంట్లో ఎంజైములకు నచ్చిన వేడి దాదాపు 37 డిగ్రీలు, అంటే థర్మామీటరు మీద 98.6. పిల్లలకు జ్వరం ఎక్కువైతే దుప్పట్లు కప్పకండి, పలచటి బట్టలు వేసి గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడవండి. ఐసు నీళ్ళు పెడితే వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

8. ఎండాకాలం పొలం నుంచి వచ్చిన మనిషి ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడితే అది మామూలు నీరసం అనుకోకండి, వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసురుతూనే 108కి ఫోను చేయించండి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే లోపలి ప్రొటీన్లు దెబ్బతిని మెదడుకూ, కాలేయానికీ ముప్పు వస్తుంది. తెలివి సరిగా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి.

9. ఎండకు బయల్దేరేవాళ్ళకు ఉప్పేసిన పలచటి సల్లో, రాగి అంబలో తాగించి పంపండి. చెమటలో పోయే నీళ్ళు, ఉప్పు ముందే ఒంట్లో చేరతాయి, కూల్‌డ్రింకు డబ్బులు మిగులుతాయి.

10. చలికాలం పాలు వేలికి గోరువెచ్చగా తగిలినప్పుడు తోడేసి, గిన్నెను బియ్యం డబ్బాలో దించండి, తెల్లారేసరికి గడ్డ పెరుగు. మరీ వేడి పాలల్లో తోడేస్తే పెరుగు తోడుకునేలా చేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి, పాలూ పోతాయి.

11. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్ళకు పాలు మాన్పించి పెరుగో, సల్లో పోయండి. పెద్దయ్యాక మనలో చాలామందికి పాల చక్కెరను విడగొట్టే ఎంజైము తగ్గిపోతుంది. పెరుగు తోడుకునేటప్పుడే ఆ చక్కెర కొంత ఖర్చయిపోతుంది కాబట్టి ఒంటికి క్యాల్షియం అందుతుంది, కడుపు హాయిగా ఉంటుంది.

12. మక్క కంకులు తెంపిన రోజే కాల్చండి, లేదంటే ఉడకబెట్టండి. తెంపినప్పటి నుంచీ గింజలోని ఎంజైములు తీపిని పిండిగా మారుస్తూనే ఉంటాయి. మర్నాటికి ఉంచక తప్పకపోతే పొట్టుతోనే ఫ్రిజ్‌లో పెట్టండి, ఆ పని నెమ్మదిస్తుంది.

13. బఠానీ ధర పడిపోయినప్పుడు ఎక్కువ కొని వలిచి, మరిగే నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు వేసి, వెంటనే చన్నీళ్ళలో ముంచి, తడారాక ఫ్రీజర్లో పెట్టండి. ఉడుకు నీళ్ళకు గింజలోని ఎంజైములు ఆగిపోతాయి, నెలలు గడిచినా రంగూ రుచీ చెడవు. ఈ ఒక్క పని చేయకుండా నేరుగా ఫ్రీజర్లో పెట్టిన బఠానీ గడ్డి వాసన వేస్తుంది.

14. మామిడికాయలు గడ్డిలో మాగేదాకా ఫ్రిజ్ ముఖం చూపించకండి. చలికి పండించే ఎంజైములు ఆగిపోయి కాయ చప్పగా ముడుచుకుపోతుంది. పండాక పెడితే ఇంకొన్ని రోజులు నిలుస్తుంది.

15. ఎల్లిపాయ దంచి పది నిమిషాలు వదిలేసి, తర్వాత పోపులో వేయండి. దంచినప్పుడే అందులో ఎంజైము పనిచేసి ఘాటు పుడుతుంది. దంచీ దంచగానే నూనెలో వేస్తే ఆ ఎంజైము మాడిపోతుంది, ఘాటు సగమే వస్తుంది.

16. ఉల్లిగడ్డలు కోసే ముందు పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, పదునైన కత్తితో కోయండి. కళ్ళు మండించే ఎంజైము చలికి మందగిస్తుంది, పది మందికి వండేరోజు కూడా కళ్ళల్లో నీళ్ళు పెద్దగా రావు.

17. వంకాయ ముక్కల్ని ఉప్పు నీళ్ళలో వేస్తూ కోయండి, ఆ నీళ్ళలో కాస్త సల్ల పోస్తే ఇంకా మంచిది. గాలి తగలక, పులుపు తగిలి నల్లబరిచే ఎంజైము ఆగుతుంది. పిల్లల డబ్బాలో పెట్టే యాపిల్ ముక్కలకు నాలుగు చుక్కల నిమ్మరసం ఇదే పని చేస్తుంది.

18. ముదురు మటన్‌కు పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి, కిలోకు రెండు చెంచాలు పట్టించి అరగంట ఉంచండి. బొప్పాయి పాలల్లోని ఎంజైము మాంసాన్ని ముందే మెత్తబరుస్తుంది, కుక్కరు విజిళ్ళు తగ్గి గ్యాసు మిగులుతుంది. రాత్రంతా ఉంచకండి, కూర ముద్దయిపోతుంది. గర్భిణి ఉన్న ఇంట్లో బొప్పాయి బదులు పెరుగు పట్టించండి.

19. పచ్చి అనాస ముక్కలు పాలల్లో, పెరుగులో కలపకండి, కాసేపటికే చేదెక్కుతుంది. ముక్కల్ని రెండు నిమిషాలు ఉడికించి చల్లార్చి కలపండి. పాల ప్రొటీన్లను విరగ్గొట్టే ఎంజైము వేడికి చస్తుంది.

ఇంట్లో నిజంగా డబ్బు మిగిలేది, పిల్లలు పుష్టిగా అయ్యేది నానబెట్టడం, మొలకెత్తించడం దగ్గర. ఇక్కడ కాస్త మనసు పెట్టండి.

20. శనగలు, బబ్బెర్లు, ఉలవలు రాత్రే నానబోసి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించండి. గింజల్లో మన అరుగుదల ఎంజైములకు అడ్డం పడే ప్రొటీన్లు ఉంటాయి. కొన్ని నానినప్పుడు పోతాయి, మిగతావి కుక్కరు వేడికి చస్తాయి. గ్యాసు పట్టడం తగ్గుతుంది, వంట గ్యాసూ తగ్గుతుంది.

21. సోయా గింజలు గోధుమల్లో కలిపి పిండి పట్టించేవాళ్ళు, ముందు గింజల్ని ఉడికించి ఎండబెట్టుకోండి, లేదా బాగా వేయించండి. పచ్చి సోయాలో అడ్డం పడే ప్రొటీను మరీ ఎక్కువ. అంత పెట్టి కొన్న మాంసకృత్తులు అరక్కుండా పోతే ఏం లాభం?

22. పెసర్లు మొలక కొద్దిగా కనిపించగానే వాడేయండి. మొలకెత్తేటప్పుడు గింజలోని ఎంజైములు పిండినీ, ప్రొటీన్లనూ ముందే కొంత విడగొడతాయి, ఇనుము, జింకులను పట్టి ఉంచే ఫైటేటును తగ్గిస్తాయి. పసిపిల్లలకూ, గర్భిణులకూ మాత్రం ఆవిరి మీద ఉడికించే పెట్టండి.

23. డబ్బాల పాలపొడి కొనేముందు రాగి మాల్టు చేసి చూడండి. రాగులు రాత్రంతా నానబెట్టి, బట్టలో మూటగట్టి, సన్నటి మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, సన్నమంట మీద దోరగా వేయించి పిండి పట్టించాలి. ఎర్రగా మాడిస్తే మొలకలో పుట్టిన ఎంజైములు పోతాయి, మాల్టుకు మాల్టు గుణం ఉండదు.

24. ఆర్నెల్లు దాటిన బిడ్డకు జావ చిక్కగా ఉంటే మింగలేదు, నీళ్ళు పోస్తే బలం ఉండదు. దీనికి మంచి ఉపాయం ఉంది. చిక్కటి జావ దించి, పొగలు తగ్గాక ఒక చెంచా మొలకల పిండి కలిపి కాసేపు తిప్పండి. మొలకలోని ఎంజైము పిండిని విడగొట్టి, చుక్క నీళ్ళు పోయకుండానే జావను జారుగా చేస్తుంది. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టండి. చిన్న గిన్నెలోనే ఎక్కువ పిండి, ఎక్కువ బలం బిడ్డ కడుపులోకి వెళ్తుంది. టీకాల కోసం ఆరోగ్య కేంద్రానికి వచ్చే ప్రతి తల్లికీ నేను ముందు చెప్పేది ఇదే.

25. జిమ్ముకు పోయే కుర్రాళ్ళకు పచ్చి గుడ్డు పాలల్లో కొట్టి ఇవ్వకండి. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకుని, ఆ విటమిన్ మీద ఆధారపడే ఎంజైములకు దక్కనీయదు. ఉడికిస్తే ఆ ఇబ్బంది లేదు, గుడ్డు అరగడమూ తేలికే.

26. పప్పు తొందరగా ఉడకాలని వంట సోడా వేయకండి. సోడా బి1 విటమిన్‌ను చంపుతుంది, అన్నంలోని పిండిని సత్తువగా మార్చే ఎంజైములకు తోడు నిలిచేది ఆ విటమినే. పప్పు గంట ముందు నానబెడితే సోడా లేకుండానే ఉడుకుతుంది.

27. గుండె మంటకు గోళీలు మీకు మీరే నెలల తరబడి మింగకండి. మాంసకృత్తుల్ని విడగొట్టే పెప్సిన్ పనిచేయాలంటే కడుపులో గట్టి పులుపు ఉండాల్సిందే. ఆ పులుపును ఏళ్ళ తరబడి అణిచిపెడితే బి12, ఇనుము ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది. మంట రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి, రాత్రి భోజనం మాత్రం ఈ రోజు నుంచే పెందలాడే కానిచ్చేయండి.

28. ఆల్కలైన్ వాటర్ మిషన్లు అమ్మేవాళ్ళు వస్తే మంచినీళ్ళిచ్చి పంపించేయండి. ఏ నీళ్ళు తాగినా కడుపు పుల్లగా మార్చుకుంటుంది, పేగులు మళ్ళీ తమకు కావలసినట్టు సరిచేసుకుంటాయి. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా పప్పులొస్తాయి.

29. బియ్యం రెండుసార్లకు మించి కడక్కండి, గంజి వార్చకుండా సరిపడా ఎసరుతో వండండి. బి1 కడుగునీళ్ళలో పోకుండా మిగులుతుంది. కాస్త తక్కువ పాలిష్ పట్టించిన బియ్యమైతే మరీ మంచిది.

30. జొన్న రొట్టె తినే ఇంట్లో పక్కన పప్పో, పల్లీల పొడో, పెరుగో, గుడ్డో తప్పకుండా ఉండాలి. ఒకప్పుడు జొన్నలు తప్ప మరొకటి దొరకని మన దక్కన్ పేదలకు ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లగా పొరలు లేచే పెలాగ్రా జబ్బు వచ్చేది. హైదరాబాదులో దీని మీద పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లో చెప్పిందేమంటే, జొన్నలో లూసిన్ ఎక్కువై, ఒంట్లో నియాసిన్ విటమిన్ వ్యవహారాన్ని చెడగొడుతుందని. నియాసిన్ లేకపోతే సత్తువ పుట్టించే ఎంజైములు ఎన్నో ఆగిపోతాయి. జొన్న మానొద్దు, ఒంటరిగా తినొద్దు.

31. పెళ్ళయిన ఆడపిల్లలు బిడ్డను కనాలనుకున్నప్పటి నుంచే డాక్టరు చెప్పిన ఫోలిక్ యాసిడ్ గోళీ వేసుకోవాలి, నెల తప్పేదాకా ఆగొద్దు. కొత్త కణాలు కట్టే ఎంజైములకు అదే తోడు. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే 1945లో అమెరికాలో దాన్ని తయారుచేసింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ గోళీ ఉచితం.

32. ఆకుకూర దించాక నిమ్మకాయ పిండండి, పొయ్యి మీద ఉండగా కాదు. నిమ్మలోని సి విటమిన్ ఆకుల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది.

33. అన్నం తిన్నాక గంట దాకా చాయ్ వద్దు, ఇనుము గోళీ అయితే చాయ్‌తోనూ, పాలతోనూ వేయకండి. తిన్న ఇనుములో చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుంది.

34. గుమ్మడి గింజలు పారేయకుండా కడిగి ఎండబెట్టి వేయించి పెట్టుకోండి. ప్రొటీన్లు అరిగించే కొన్ని ఎంజైములకు జింకు కావాలి, అది ఈ గింజల్లో ఊరికే దొరుకుతుంది.

ఇక అడ్డం పడేవాటి గురించి.

35. పసుపు కొమ్ములు కొని పట్టించుకోండి, మరీ మెరిసిపోయే విడి పసుపు వద్దు. రంగు కోసం సీసం కలిసిన పొడి కలిపే మోసం ఉంది. రక్తం తయారుచేసే ఎంజైమును సీసం ఆపేస్తుంది, పిల్లల మెదడుకు మరీ చేటు.

36. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు కాచి తాగితే సరిపోతుందనుకోకండి. నీళ్ళు ఇగిరేకొద్దీ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మన గజ్వేల్ పక్క కోమటిబండలోనే 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ నల్లా నీళ్ళ పథకం మొదలైంది, తాగడానికి, వంటకు నల్లా నీళ్ళే పట్టుకోండి.

37. పుట్టిన బిడ్డకు, కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలు నేరుగా తొడగకండి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువ. వాళ్ళకు ఆ ఉండల వాసనకే రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఉతికి, ఎండలో బాగా ఆరేసి తొడగండి. బారసాల వేళ చుట్టాలందరికీ చెప్పాల్సిన మాట ఇది.

38. నొప్పుల గోళీలు ఖాళీ కడుపున వేసుకోకండి. నొప్పి పుట్టించే ఎంజైమును ఆపే మందే కడుపు లోపలి పొరను కాపాడే పనినీ ఆపుతుంది, పుండ్లు పడతాయి.

39. కొలెస్ట్రాల్ గోళీలు పనిచేసేది కాలేయంలో ఒక ఎంజైమును ఆపే. పంపర పనస జాతి పండ్లు పేగుల్లో మందును విరిచే ఎంజైముకు అడ్డం పడి, ఆ గోళీల్లో కొన్నింటి మోతాదును రక్తంలో పెంచగలవు. ఆ పండ్లు ఇష్టమైతే డాక్టరును ఒక మాట అడిగి తినండి.

40. రక్త పరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని ఉండేవి ఎంజైముల పేర్లే. కాలేయం కణాలు దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి. పరీక్షకు ముందు కొన్ని రోజులు బరువు మోసే పనులు, మందు, కల్లు మానుకుంటే అంకెలు సరిగా వస్తాయి, రెండోసారి పరీక్ష ఖర్చు తప్పుతుంది.

41. డాక్టరు రాయకుండా అరుగుదల సిరప్పులు కొనకండి. ఎంజైము అంటే ప్రొటీనే, కడుపు దాన్నీ అరిగించుకుంటుంది. క్లోమం దెబ్బతిన్నవాళ్ళకు ఇచ్చే గోళీలు కడుపులో కరగకుండా పూత వేసినవి, అవి వేరు.

మా దిక్కు కూరగాయలు పండించే ఇళ్ళకు ఇవి అన్నిటికంటే ముఖ్యం. తోటలో కొట్టే క్లోరోపైరిఫాస్ లాంటి పురుగుమందులు పురుగును చంపేది దాని నరాల్లో ఒక ఎంజైమును కట్టిపడేసి. అదే ఎంజైము మన నరాల్లోనూ ఉంది.

42. మందు కలిపేటప్పుడు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు తప్పవు. చేత్తో కలపడం అసలే వద్దు. చర్మంలోంచి కూడా మందు లోపలికి ఇంకుతుంది.

43. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ, గాలికి వీపు పెట్టి కొట్టమనండి. మధ్యలో బీడీ, తంబాకు, చాయ్ ఏవీ వద్దు. ఎండలో చెమట పట్టిన ఒంటికి మందు ఇంకా తొందరగా పడుతుంది.

44. మందు కొట్టిన బట్టలు ఇంట్లో వాటితో కలపకుండా విడిగా, ఎక్కువ నీళ్ళతో, సబ్బుతో ఉతకండి, ఉతికే మీరూ గ్లౌజులు వేసుకోండి. ఆయన స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

45. మందు కొట్టాక సీసా మీద రాసిన గడువు దాటేదాకా కాయ తెంపి ఒంటిమామిడికి పంపకండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టడం ఎప్పటి నుంచో నిషేధం, దాన్ని తోటలోకి రానివ్వకండి. కొనేవాళ్ళు ఉప్పు నీళ్ళలో నానబెట్టి, ధార కింద రుద్ది కడగండి. పైన అంటినది చాలావరకు పోతుంది, లోపలికి ఇంకినది కడిగినా పోదు.

46. మందును కూల్‌డ్రింకు సీసాలో, నీళ్ళ సీసాలో ఎప్పుడూ పోయకండి, తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ఖాళీ డబ్బాలు కడిగి వాడుకోవడం వద్దు, చిల్లులు పొడిచి పారేయండి.

47. మందు కొట్టి వచ్చిన మనిషికి నోట్లోంచి చొంగ, కళ్ళల్లో నీళ్ళు, విపరీతమైన చెమట, వాంతులు, ఊపిరాడకపోవడం, కంటిపాప చుక్కలా చిన్నదవడం కనిపిస్తే ఆ ఎంజైము ఆగిపోయినట్టే. బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, 108కి ఫోను చేయండి. ఉప్పు నీళ్ళు తాగించి కక్కించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు తెస్తుంది. మందు డబ్బానో, దాని లేబులు ఫొటోనో వెంట తీసుకెళ్ళండి. పేరు తెలిస్తే డాక్టర్లు అట్రోపిన్ లాంటి విరుగుడు వెంటనే మొదలుపెడతారు.

48. ఈ సీజనులో పంపు భుజాన వేసుకోకముందే పైనున్న ఈ ఆరు చిట్కాలు మీ ఇంటాయనకు, తోటకొచ్చే కూలీలకు చదివి వినిపించండి. 108 నంబరు, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పోయే దారి ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసి ఉండాలి.